పని కాదండీ, సాయం

పొద్దున్న అయిదున్నరకు రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కాను. నేను రిటైరైన టీచర్ని. బడి మానేసిన పిల్లల్ని మళ్ళీ బడిలో వేయించడానికి కోనసీమ తిరుగుతుంటాను. ఈ పని మీద వెళ్ళేవారు ఓపిక కాస్త ఎక్కువే తీసుకెళ్ళండి. నాది రావులపాలెం దాటకుండానే అయిపోయింది. పక్క సీటాయన "పిల్లలు పొలం పనికా? మా వైపు అలాంటివి లేవండీ!" అని కొత్తపేట దాకా వాదించాడు.

ఏడున్నరకు పలివెలలో దిగి, ఆటోలో లోపలి ఊరికి వెళ్ళాను, పన్నెండేళ్ళ దుర్గ కోసం. ఏడాదిగా బడి లేదు. కొబ్బరికాయల దింపు ఎక్కడుంటే ఆ తోటకి వాళ్ళమ్మ సత్యవతితో వెళ్ళి, రాలిన కాయలు ఏరి తట్టతో గట్టుకు మోస్తుంది. పొలం పని చేసే పిల్లల కోసం పెట్టిన హాస్టల్ బడిలో ఒక్క సీటుంది. గడువు ఆ రోజే.

పనిచేస్తోందని పంచాయతీ కాగితం కావాలి. అక్కడి గుమాస్తా నాకు ఊరి మొదట్లోని పచ్చరంగు బోర్డు చూపించాడు. బాలకార్మికులు లేని గ్రామమట.

"బోర్డెట్టేశామండీ. ఇప్పుడు ఉన్నారని ఎలా రాసేదండీ?"

"మరి తోటలో ఆ పిల్ల చేసేదేమిటండీ?"

"వాళ్ళమ్మకి సాయమండీ. అది పనెలా అవుద్దండీ?"

నాకు ఒళ్ళు మండింది. మెడ వంగిపోయేంత తట్ట మోయడం సాయమట! కాగితం రాలేదు. పిల్లనే చూపిద్దామని తల్లీకూతుళ్ళను బస్సెక్కించాను.

పదకొండింటికి అమలాపురం. సత్యవతి ఆ సీట్లిచ్చే ఆఫీసు వరండాలో కూర్చుంది. లోపల ఆఫీసరు మేడమ్ మంచావిడే, పిల్ల తన నోటితో చెబితే చాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తోటలో పని చేస్తావా అమ్మా?"

దుర్గ చేతులు కట్టుకుంది. "లేదండీ. అమ్మకి సాయమండీ."

మూడు రకాలుగా అడిగారు. మూడుసార్లూ అదే జవాబు. మేడమ్ ఫారం పక్కన పెట్టేశారు.

హోటల్లో ఏం తిన్నానో గుర్తులేదు. నా మొహం చూసి సత్యవతి మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. రెండున్నర బస్సులో ఆవిడ కునుకు తీస్తుంటే దుర్గ మీద కసురుకున్నాను.

"పని అని ఒక్క మాట అనలేకపోయావా?"

"అంటే తోట రైతుగారి మీద కేసవుద్దంటండీ. ఇంక అమ్మని దింపుకి పిలవరండీ." గొంతు ఇంకా తగ్గించింది. "నేనిలా చెప్పేనని అమ్మతో అనకండి మేష్టారూ."

పలివెలలో దిగుతూ సత్యవతి అడగనే అడిగింది. "సీటొచ్చినట్టేనాండీ?"

"సీట్లు అయిపోయాయన్నారమ్మా."

"ఆయ్" అంది ఆవిడ. వాళ్ళమ్మ వెనకనుంచి దుర్గ నాకు దణ్ణం పెట్టింది.

గుమాస్తా మీద, బోర్డు మీద ఉన్న కోపమంతా రాజమండ్రి చేరేసరికి నా మీదికే మళ్ళింది. మీరెవరైనా ఇలా వెళ్తే, పిల్లను బడికి పిలిచే ముందు తల్లికి పని పోకుండా ఆ రైతుగారి గుమ్మం ఎక్కి మాట తీసుకోండి. నేను ఎక్కలేదు. ఎక్కనందుకు నాకు దక్కింది ఆ పిల్ల దణ్ణం.