ఒక్క జత స్పైక్స్

మొన్న సుల్తానాబాద్ నుంచి మా సార్ ఫోన్ చేశారు. మా పరుగుల క్లబ్ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారట. "హాస్టల్ సీటు తెచ్చిన మొదటి బిడ్డవు నువ్వే, రెండు ముక్కలు రాసియ్యి" అన్నారు. పాపను పడుకోబెట్టి ఇప్పుడు కూర్చున్నాను. సాయంత్రం పక్కింటి పిల్లకు సైకిల్ ఇవ్వనని అది మొండికేస్తే, నా గుణమే వచ్చిందేమో అనిపించింది.

మా క్లబ్బంటే కాలేజీ వెనక మైదానం, సార్ మెడలో విజిల్, తొమ్మిది మంది ఆడపిల్లలం, ఒకే జత స్పైక్స్. అడుగున ముళ్లుండే ఆ బూట్లు ఎవరో ఇచ్చిపోయినవి, మా అందరికీ పెద్దవే. నా జోడీ టైలర్ చాచా కూతురు. వాళ్ల దుకాణంలో మిగిలిన గుడ్డముక్కలను బూట్ల ముందు భాగంలో కుక్కుకునేవాళ్లం. ఒకసారి ఎవరి పెళ్లి జాకెట్టు ముక్కో, జరీ గుచ్చుకుని కుంటుతూనే గెలిచాను. పోటీల్లో గీత దాటగానే కూలబడి బూట్లు విప్పి తర్వాతి రేసు పిల్లకు ఇవ్వాలి, నీళ్లు కూడా ఆ తర్వాతే. "మీకన్న మీ బూట్లే ఎక్కువ ఉరుకుతున్నయే" అని వేరే ఊళ్ల పిల్లలు నవ్వేవాళ్లు. అలాగే ఆదిలాబాద్ దాకా పోయి కప్పులు తెచ్చాం.

కరీంనగర్ పోటీల్లో గెలిచినవాళ్లలో ఒక్కో క్లబ్బు నుంచి ఒక్కరినే క్రీడా హాస్టల్‌కు పంపుతామన్నారు. నేనూ నా జోడీ ఇద్దరం గెలిస్తే సార్ ఆమె పేరే చెబుతారని నాకు తెలుసు. నాలుగు వందల మీటర్లు నేను గెలిచాను. వెంటనే ఆమె ఎనిమిది వందల మీటర్ల రేసు. "అరె, జర జల్దీ ఇయ్యవే!" అంటూ వచ్చి నిలబడింది. విప్పుతున్నట్టు నటిస్తూ లేసుకు ఇంకో ముడి వేశాను. "రాట్లేదే" అన్నాను. విజిల్ పడింది. ఆమె వట్టి కాళ్లతో కంకర మీద ఉరికింది. మొదటి చుట్టు ముందే ఉంది. రెండో చుట్టులో మడమ తెగి నాలుగో స్థానంలో వచ్చింది. సీటు నాకొచ్చింది, ఆ సీటుతోనే చదువూ వచ్చింది. ఆమేమో తండ్రి దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టింది. తర్వాత పెళ్లై కాగజ్‌నగర్ పోయింది.

ఇవాళ మధ్యాహ్నం ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేసి, జరిగింది చెప్పాను. ఆమె నవ్వింది.

"నాకెర్కనే. నువ్వు ముడేసుడు నేను చూస్తనే ఉంటి."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నీ పేరు గూడ కొట్టేస్తుండె గద పిచ్చిదానా! మన క్లబ్బుకు ఒక్క సీటన్న రావద్దా?"

విజిల్ పడేలోపు ఆమె అంత ఆలోచించింది. ఉన్నమాట చెప్పడానికి నాకు పదహారేళ్లు పట్టింది.