బల్ల కింద చోటు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండక్షరాలు. ఈ ఆరేళ్లలో మూడిళ్లు మారాను. సామాను సగం దారిలోనే పోయింది. ఆ మాట మాత్రం పోలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెబితే నవ్వుతారు. వాళ్లని అనుకుని లాభం లేదు, నేనేం చెప్పినా నవ్వడం నేర్పింది నేనే.

అప్పట్లో ఫిల్మ్ నగర్ వెనక వాలులో, ఒక మేడ మీద గదిలో సూరిబాబూ నేనూ ఉండేవాళ్లం. ఆయన ఎనిమిదేళ్లుగా అసోసియేట్ డైరెక్టరు, నాకంటే పదేళ్లు పెద్ద. నేను కామెడీ సీన్లు రాస్తానని చెప్పుకు తిరిగేవాణ్ణి. రాయమని ఎవరూ అనలేదు. చుట్టూ కొత్త ఇళ్ల కోసం రోజూ బండలు పేల్చేవాళ్లు. పేల్చే ముందు అంజయ్య అనే కూలీ ఎర్రగుడ్డ ఊపి, పొడుగ్గా మూడు విజిళ్లు వేసి, "జరుగుండ్రి, పక్కకు జరుగుండ్రి!" అని అరిచేవాడు. తర్వాత గుమ్మనేది. కిటికీలు గలగలమనేవి. మేం టీ తాగుతూనే ఉండేవాళ్లం.

అందుకే ఓ ఆదివారం పొద్దున మంచం ఊగితే నేను లేవలేదు. "అంజయ్యకి ఆదివారం కూడా సెలవు లేదు, పాపం" అని దుప్పటి లాక్కున్నాను. సూరిబాబు నా కాలు పట్టుకుని కిందికి ఈడ్చాడు. మరుక్షణం అటక మీది ట్రంకుపెట్టె నా దిండు మీద పడింది. అది బండ కాదు, భూకంపం. మా వీధిలో రెండు గోడలు బీటలు వారాయి, అంతే. దిండులో మాత్రం నా తలంత గుంట.

ఆ గుంట మీద నేను వారం రోజులు జోకులు వేశాను. ఆయన ఆ వారం పేపర్లు చదివి జాగ్రత్తలు నేర్చుకున్నాడు. అటక ఖాళీ చేశాడు. మంచాలు కిటికీకి దూరంగా జరిపాడు. మెట్ల వైపు పరిగెత్తకూడదట. గట్టి బల్ల కింద దూరి తల కప్పుకోవాలట, ఊగడం ఆగేదాకా బల్ల కాలు వదలకూడదట. మా బల్ల ఏదో సినిమా సెట్టులోది, చూపుకి టేకు, లోపల డొల్ల. సెట్ వడ్రంగిని బతిమాలి దానికి నిజం చెక్క వేయించి, మరో రెండు కాళ్లు పెట్టించాడు.

"ఆరు కాళ్లతో ఇది మనకంటే ముందే పారిపోతుంది గురువుగారూ" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఒక సూత్రం చెప్పాడు. విజిల్ వినిపిస్తే బండ, వినిపించకపోతే భూకంపం.

మీకు అర్థమైపోయి ఉంటుంది. అయినా నేను చెప్పాలి.

ఒక మధ్యాహ్నం ఒక నిర్మాత కథ వినడానికి మా గదికే వచ్చాడు. నచ్చితే సూరిబాబే డైరెక్టరు. ఎనిమిదేళ్లు ఆ మధ్యాహ్నం కోసమే. కథ చెప్పడమంటే ఆయనకి మాటలు, ఏడుపులు, నేపథ్య సంగీతం అన్నీ నోటితోనే. క్లైమాక్సులో కళ్లు మూసుకుని డోళ్లు వాయిస్తున్నాడు. నిర్మాత చేతిలో టీ చల్లారిపోయింది. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు కిటికీలోంచి విజిల్ వినిపించింది. నిర్మాతకి అది వీధిలో ఏదో చప్పుడు. సూరిబాబుకి తన డోళ్లలో వినపడనే లేదు.

గుమ్మంది. గ్లాసులు కదిలాయి. డోళ్లు ఆగిపోయాయి. ఆయన నా వైపు చూశాడు.

"విజిల్ వేశాడా రా?"

"లేదు."

ఎందుకన్నాను? నవ్వు కోసమని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నవ్వు కాదు. ఒక మనిషి మాట వింటూ ఇంకో మనిషి అలా కన్నీళ్లు పెట్టుకుంటుంటే, అంతటి నిశ్శబ్దం నా ఏ మాటకీ దొరకలేదనీ ఇక దొరకదనీ తెలిసి, దాన్ని పగలగొట్టాలనిపించింది. బెలూను కనిపిస్తే సూది వెతుక్కునే రకం నేను, అది బెలూను కాదు ఒకడి ఊపిరి అని తెలిసి కూడా గుచ్చాను.

ఆయన ఒక్కడే బల్ల కింద దూరతాడనుకున్నాను. చూడాలనుకున్నది అదే. కానీ ఆయన ముందు నా మెడ పట్టుకుని లోపలికి తోశాడు. దిండు నా తల మీద పెట్టాడు. తర్వాత నిర్మాతని లాగాడు. చల్లారిన టీ నిర్మాత తెల్ల చొక్కా మీద ఒలికింది. బల్ల కింద ఇద్దరికే చోటు. ఆయన బయటే మోకాళ్ల మీద కూర్చుని, మా ఇద్దరి మీదికి వంగి, బల్ల కాలు పట్టుకున్నాడు.

కింద నుంచి అంజయ్య అరిచాడు, "అయిపోయింది, ఇగ పోండ్రి!"

నిర్మాత పాక్కుంటూ బయటికి వచ్చాడు. "బండ పేలితేనే ఇలా అయితే, రేపు యూనిట్‌ని ఏం నడిపిస్తావయ్యా నువ్వు?" అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు సూరిబాబు వెళ్లి అంజయ్యని నిలదీశాడు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. "మూడుసార్లు ఏసిన సారూ, నా పిల్లల మీద ఒట్టు" అంటున్నాడు. పైకి వచ్చి ఆయన నాతో అన్నాడు, "పని పోతుందని భయం, పాపం. పోన్లే రా." నాకు రావలసిన క్షమ అలా తప్పు అడ్రసుకి చేరింది. సరిచేయడానికి ఒక్క మాట చాలు. నేను టీ పెట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కథని ప్రతి ప్రొడక్షన్ ఆఫీసులోనూ నటించి చూపించాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను చెప్పే కథలో బల్ల కింద నేను లేను. 'భూకంపం సూరి' అని పేరు పెట్టింది కూడా నేనే. ఆ తర్వాత ఆయన ఎక్కడ కథ చెప్పడానికి కూర్చున్నా ఎవడో ఒకడు బల్ల ఊపేవాడు. నాలుగు నెలలకి ఆయన వెళ్లిపోయాడు. ఇప్పుడు తణుకులో ఒక సిమెంటు కొట్లో కూర్చుంటున్నాడట. వెళ్తూ బల్ల నాకే వదిలేశాడు. "భూమి ఊగినా నువ్వెలాగూ లేవవు. కనీసం దీని కిందికైనా దొర్లు" అన్నాడు.

ఆ బల్ల మీదే నా మొదటి సీను రాశాను. బల్ల కింద దూరే పిరికివాడి సీను. మొదటి ఆటకి హాలంతా విజిళ్లు. పక్కవాళ్లు నా వీపు తట్టారు. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడు దగ్గర లెక్క ఆగిపోయేది.

ఆయనకి ఉత్తరం రాయొచ్చు. రాయను. రాస్తే క్షమిస్తాడు, ఆయన రకం అది. అప్పుడు నాకు నవ్వడానికి ఏం మిగులుతుంది?

కాబట్టి మీకే. అంజయ్య విజిల్ వేశాడు. మూడుసార్లు. నేను విన్నాను.

హమ్మయ్య.