మోకాలు మోపిన ఛాంపియన్

హుకుంపేట మండలంలో మలేరియా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో ఆ కొండల్లో నన్ను నమ్మినవాళ్లు తక్కువ. తొంభైల చివరి రోజులవి. జ్వరమొచ్చిన మనిషి వేలు సూదితో గుచ్చి, గాజుపలక మీద నెత్తురుచుక్క తీసి, ఆస్పత్రికి తెచ్చి మైక్రోస్కోపు కింద చూడటం నా పని. ఆ నెత్తురు పట్నంలో అమ్ముకుంటున్నానని కొందరు, చిల్లంగి పెట్టేవాళ్లకి, చేతబడికి ఇస్తున్నానని కొందరు అనుకునేవారు.

అందరికంటే గట్టిగా అనుమానించినవాడు పై గూడెంలోని ఒక ముసలి రైతు. చోళ్లు, సామలు, కాస్త అల్లం పండించేవాడు. నేను గూడెంలో అడుగుపెడితే చాలు, ఇంటింటికీ నా వెనకే వచ్చి పెట్టెలో ఎన్ని పలకలు పడ్డాయో చూసేవాడు.

"ఏడు తీసినావు. మల్లీ ఏడూ తెత్తావా?" అనేవాడు.

"తేను పెద్దయ్యా. పరీక్ష అయిపోయాక కడిగేస్తాను."

"కడిగినట్టు ఎవుడు సూసినాడు?"

ఆయన తన వేలూ ఇవ్వలేదు, తన ఇంట్లో ఎవరి వేలూ ఇవ్వనివ్వలేదు.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ టైటిల్ పోటీ వచ్చింది. అమెరికాలో శనివారం రాత్రి ఆడితే మనకి ఆదివారం పొద్దున ఇడ్లీల వేళకి టీవీలో కనబడేది. బస్సులు ఆగే చోట విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ హోటల్ నడిపేది. డిష్ పెట్టించిన కలర్ టీవీ ఆవిడ దగ్గరే ఉండేది. భక్తి పాటలు మార్చమని బతిమాలితే, "ఆదివారంపూట ఈ కొట్లాటేటి బాబూ" అని విసుక్కుంటూనే మార్చింది.

నేను విశాఖలో హార్బరు దగ్గర పెరిగాను. అక్కడ ఒక రేకుల షెడ్డులో నాలుగేళ్లు బాక్సింగ్ నేర్చుకున్నాను. ఆ సంగతి హుకుంపేటలో ఎవరికీ తెలియదు.

ఆట మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. అల్లం గంప దించుకుని ఆ ముసలాయన కూడా హోటల్లోకి వచ్చాడు. వేరే చోటు లేక నా బెంచీ మీదే కూర్చున్నాడు. కాసేపు టీవీకేసి, కాసేపు నాకేసి చూశాడు.

ఛాంపియన్ అప్పటిదాకా ఒక్కసారి కూడా నేల కరవనివాడు. ఎదురుగా ఉన్నవాడు కుర్రాడు, ఎడమచేతి వాటం. నాలుగు రౌండ్లూ పెద్దవాడిదే పైచేయి. ఇక ఇది కూడా గెలిచినట్టే అనుకుంటున్నాను. అయిదో రౌండులో తాళ్ల దగ్గర కుర్రాడి ఎడమచెయ్యి పెద్దవాడి కుడి డొక్కలోకి ఓసారి పోయి వచ్చింది. పెద్ద దెబ్బ కాదు. నాకైతే సరిగ్గా తగిలినట్టు కూడా అనిపించలేదు. పెద్దవాడు రెండడుగులు వెనక్కి వేసి, నెమ్మదిగా మోకాలు నేలకి మోపాడు. రిఫరీ అంకెలు లెక్కపెడుతుంటే ఆయన మొహంలోకే చూస్తూ ఉన్నాడు. కళ్లు తేలిపోలేదు, తల వాలిపోలేదు. పది అయి, ఓడిపోయాక లేచాడు.

బల్ల మీద చేత్తో కొట్టాను. గ్లాసులో టీ ఒలికింది.

"అమ్ముడుపోయాడు!"

"ఎవుడు?" అన్నాడు ముసలాయన.

"ఆ పెద్దోడు. కావాలని కూలబడ్డాడు. అంతా దొంగాట."

"నీకెలా తెలుసు?"

వానా, కోపమూ కలిసి నా నోరు జారింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఆయనకి చెప్పేశాను.

నాకు ఇరవై ఏళ్లప్పుడు జిల్లా పోటీల్లో ఫైనల్‌కి వచ్చాను. గ్లవ్స్ తాడు కడుతూ మా కోచ్ తల ఎత్తకుండానే అన్నాడు: "రెండో రౌండులో కూర్చుండిపోరా. అవతలోడికి సర్టిఫికెట్ వస్తే ఉద్యోగం వస్తుంది. నీకింకా వయసుంది." సరిగ్గా రెండో రౌండులో, తగలని దెబ్బకి కూర్చుండిపోయాను. ఆట చూడ్డానికి వచ్చిన మా అమ్మ ఇంటికెళ్లాక ఉప్పు వేయించి మూటకట్టి, ఏ నొప్పీ లేని నా డొక్కకి కాపడం పెట్టింది. ఆ తర్వాత మళ్లీ గ్లవ్స్ వేసుకోలేదు. ల్యాబ్ కోర్సులో చేరిపోయాను.

"అలా కూర్చునేవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు పెద్దయ్యా" అన్నాను.

ఆయన టీ పూర్తిగా తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆయాల సూసినోలందరూ నీకు దెబ్బ తగిలిందనే అనుకున్నారా?"

"అనుకున్నారు."

"మీ యమ్మ కూడాను?"

"అమ్మ కూడా."

"అయితే మా నెత్తురు నువ్వేటి సేత్తన్నావో మాకేటి తెలుత్తాది బాబూ?"

గంప నెత్తికెత్తుకుని ఆ వానలోనే వెళ్లిపోయాడు. హోటలావిడ నాకేసి చూడకుండా బల్ల తుడిచింది. ఆవిడ కూడా విన్నదని ఆ తుడవడంలోనే తెలిసింది.

తర్వాత గూడేనికి వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. 'దొంగాట బాబు' వచ్చాడని ఎవరో లోపలివాళ్లకి చెప్పడం నా చెవిన పడింది.

పేపరు మాకు బస్సులో ఆలస్యంగా వచ్చేది. ఛాంపియన్‌కి రెండు పక్కటెముకలు చిట్లాయని, ఆస్పత్రిలో ఉన్నాడని అందులో రాశారు. మొదట నమ్మలేదు. డాక్టరు కాగితం పుట్టించడం ఎంతసేపు? కానీ ఆ వార్త మూడుసార్లు చదివాక, కుడి డొక్క కింద కాలేయం ఉంటుందని, అక్కడ తగిలితే తల తెలివిగానే ఉన్నా కాళ్లు నిలవవని గుర్తొచ్చింది. ఆ పాఠం నాకు చెప్పింది కూడా మా కోచే. అయినా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఛాంపియన్ నిజంగా దెబ్బ తిన్నాడంటే, కావాలని కూర్చున్నవాణ్ని నేనొక్కణ్నే అవుతాను.

రెండు వారాలకి ఆ ముసలాయన కోడలికి చలిజ్వరం పట్టుకుందని తెలిసింది. పెట్టె తీసుకుని కొండెక్కాను. ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యను. ఎల్లిపో."

"పలక నేను పట్టుకుపోను పెద్దయ్యా. చుక్క తీసి నీ చేతికే ఇస్తాను. నువ్వే ఆస్పత్రికి తే. నేను చేసేదంతా పక్కనే నిలబడి చూడు."

ఆయన కదల్లేదు. లోపల్నుంచి వణుకుతున్న గొంతు వినబడింది.

"మావా, నీ అనుమానం తీరేదాకా నాను బతికుంటానేటి?"

ఆయన చంక కిందుగా ఒక చెయ్యి బయటికొచ్చింది, వేలు చాపి.

నేను చుక్క తీసి ఇచ్చిన పలకని ఆయన రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తుంపర పడకుండా రెండో అరచెయ్యి పైన గొడుగులా పెట్టి, కొండ దిగి రోడ్డంట నడిచాడు. దారిలో ఆగిన జీపు ఎక్కనన్నాడు. నేనూ పక్కనే నడిచాను. ల్యాబులో రంగునీళ్లు పోస్తుంటే ప్రతి సీసాకీ "ఇదేటి?" అని అడిగాడు. మైక్రోస్కోపులో చూడమంటే మొదట రెండు కళ్లూ మూసేశాడు. ఒక కన్ను తెరిపించాను. చాలాసేపు చూశాడు.

"సన్న ఉంగరాలు. ఎర్ర సుక్క ఉంది."

"అదే జ్వరం పెద్దయ్యా."

"ఇయన్నీ మా కోడలు గుంట ఒంట్లో ఉన్నాయా? నువ్వు ఎయ్యలేదు కదా?"

"పలక నీ చేతిలోనే వచ్చింది కదా."

అది కూడా ఆలోచించి చూసుకున్నాడు. అప్పుడన్నాడు, "మందియ్యి. బేగి ఇయ్యి."

డాక్టరుగారు జీపు పంపి ఆమెను దింపించారు. మెదడుకెక్కే రకం మలేరియా. మరో రెండు రోజులు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. అయిదో రోజుకి లేచి గంజి తాగింది. వారానికి ఇంటికి నడిచి వెళ్లింది.

వెళ్లేముందు ముసలాయన ఆ పలక తెప్పించి, తన ఎదుట సబ్బుతో కడగమన్నాడు. వెలుతురుకి పెట్టి చూసి, మూల ఇంకా నీలం మిగిలిందని మళ్లీ కడిగించాడు.

ఆ తర్వాత కూడా నన్ను నమ్ముతున్నానని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆ గూడెంలో ఏ వేలు గుచ్చినా నా పక్కనే నిలబడేవాడు. "నాను సూత్తన్నాను గదా, ఇయ్యండి" అనేవాడు వాళ్లతో. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. నేనక్కడ పనిచేసిన ఆరేళ్లూ వాళ్లు వేళ్లు ఇచ్చింది ఆయన అనుమానాన్ని నమ్మి.

మూడో ఏడు వానల్లో ఆయనకే జ్వరం వచ్చింది. కబురు పెట్టకుండా తనే వచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు. ఎడమచెయ్యి చాపాడు. సూది దిగినప్పుడు కూడా మొహం తిప్పుకోలేదు. రెప్పవేయకుండా నా చేతులకేసే చూస్తూ కూర్చున్నాడు.