బాపుకు వినపడని కేక

చిన్నప్పుడు మాకు సముద్రమంటే షోలాపూర్ బయటి చెరువే... కార్ఖానాకు సుట్టి ఉన్న రోజు బాపు నన్నూ చెల్లె సుజాతనూ సైకిల్ మీద ఎక్కించుకుని మేముండే దాజీ పేట్ నుంచి అక్కడికి తీసుకెళ్ళేవాడు. వెంట గాలం, పిండిముద్ద, అవ్వ, అంటే మా అమ్మ, కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ...

బాపు ఒడ్డున రాయి మీద కూర్చుని గాలం వేసేవాడు. మేము లంగాలు ఎత్తిపట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో గంతులేసేవాళ్ళం.

ఏళ్ళ తరబడి పవర్‌లూమ్‌ల మోతలో పనిచేసి బాపుకు చెవులు దాదాపు పోయాయి. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు; గట్టిగా అరిస్తే వింటాడనే అవ్వ అనుకునేది.

ఆ రోజు నాకు తొమ్మిదేళ్ళు, చెల్లెకు ఆరు. కొట్టుకుపోతున్న చెప్పు కోసం అది రెండడుగులు ముందుకేసింది. అక్కడ గుంత ఉంది...

"బాపూ! చెల్లె మునుగుతుంది!"

గొంతు పగిలేలా అరిచాను. బాపు తిరిగి చూశాడు. ఊగుతున్న నా చేతులు చూసి, ఆడుకుంటున్నాం అనుకున్నాడు... నవ్వుతూ తనూ చెయ్యి ఊపి మళ్ళీ గాలం వైపు తిరిగాడు.

నేను పరుగెత్తి బాపు చొక్కా పట్టి లాగాను. అప్పుడు దూకాడు. బయటికి తెచ్చేసరికి చెల్లెకు ఊపిరి లేదు.

మూడో రోజు అవ్వ నన్ను నిలదీసింది. "జర ఒర్రకపోతివా బిడ్డా? ఒర్రితే మీ బాపు ఉరికొచ్చేటోడు గద!"

బాపు గోడకు ఆనుకుని మా పెదాల వైపే చూస్తున్నాడు.

"భయమైందవ్వా... ఒర్రలే" అన్నాను, అసలు అరవనే లేదన్నట్టు.

ఆ తర్వాత అవ్వ నాతో మాట్లాడేది కానీ నా ముఖం చూసేది కాదు. బాపు మళ్ళీ గాలం పట్టలేదు. అన్నం తింటున్నా నిమిషానికోసారి వెనక్కి తిరిగి చూసేవాడు... పోయేదాకా అంతే.

మొన్న షోలాపూర్ పక్కన కుంభారిలో, మా కొత్త ఇంట్లో, బీడీలు చుడుతున్న అవ్వకు నిజం చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గిన్నేండ్లు నిన్నే తప్పువట్టిన గదనే... ఎందుకు చెప్పలే?"

"చెప్తే బాపును ఏమంటవో అని..."

అవ్వ చాట పక్కకు పెట్టి, పొగాకు అంటిన చేతులతో నా ముఖం పట్టుకుని చాలాసేపు చూసింది.

ఇప్పుడు దాజీ పేట్‌లో ఎన్నో మగ్గాలు ఆగిపోయాయి. ఆ మోతను మోసిన మనుషులూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు... చిన్నప్పుడు ఎవరికోసమో దాచిన మాట మీ దగ్గరా ఉంటే, వినేవాళ్ళు ఉండగానే చెప్పేయండి. వాళ్ళు లేకపోతే ఇక్కడైనా రాయండి... నేను చదువుతాను.