విప్పేసిన ఇంజన్ చప్పుడు

ఈ రెండు చేతుల మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇవి పడిపోతే నాకు తిండి లేదు, కాబట్టి వీటి మీద ఊరికే ఒట్టు పెట్టను. దయ్యం కథలు చెబితే అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ని నేనే. ఇప్పుడు కూడా దయ్యమని అనడం లేదు. మరేమిటి అంటారా... నా దగ్గర మాట లేదు. మధ్యలో ఎవడైనా కిసుక్కుమన్నాడో, లేచి వెళ్లిపోతాను. ముందే చెబుతున్నా.

నేను లారీ ఇంజన్లకు డీజిల్ అందించే పంపులు బాగుచేసే మేస్త్రీని. మహబూబాబాద్ నుంచి కురవి వెళ్లే రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఆ జాగా ఓనరు ప్లాట్లు చేసి అమ్మేసుకున్నాడు. తెల్లారితే జేసీబీ వస్తుంది, ఖాళీ చెయ్యమన్నాడు. చేతిలో పనికి కావాల్సినవి తప్ప పానాలు, సుత్తెలు అన్నీ మూటగట్టేశాను. షెడ్డులో మిగిలింది ఒక్కటే... ఐలన్న లారీ.

ఐలయ్యది జనగామ దగ్గర బచ్చన్నపేట. నాకన్నా పెద్దవాడు, అన్నా అనే పిలుస్తాను. భార్య పోయాక ఉన్న గుడిసె కూలిపోతే మళ్లీ లేపలేదు. లారీలోనే కాపురం పెట్టాడు. వంట లారీ నీడన, పడక క్యాబిన్‌లో. ఆ లారీ ఇంజన్ అరిగి అరిగి ఇక రిపేరుకు కూడా పనికిరాదని నేనే తేల్చి చెప్పాను. భూపాలపల్లి పోయి, బొగ్గు టిప్పరులోంచి దించిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్ ఒకటి పట్టుకొచ్చాడు. దానికి పంపు లేదు. పాత ఇంజన్ పంపే విప్పి దీనికి బిగించాలి, డీజిల్ సరైన క్షణానికి పడేట్టు టైమింగ్ పెట్టాలి.

"అన్నా, తెల్లారేలోపు నడువకపోతే ఎట్ల? ఏదన్న బండికి కట్టి గుంజుకపోదమా?" అన్నాను ఆ సాయంత్రం.

"గుంజుకపోయి ఏడ పెట్టాలె యాకయ్యా? ఎవరింటి ముందర పెట్టాలె?" అన్నాడు. "నడిస్తే దానంతట అది పోతది. లేదంటే పొద్దుగాల తుక్కోళ్లను రమ్మన్న. ఈడనే కోసుకపోతరు."

ఇంజన్ పలికితే ఆయనకు ఇల్లుంటుంది, పలకకపోతే లేదు. అంతే.

పాత ఇంజన్‌ను విప్పి షెడ్డు వెనక మూలన టైర్ల మీద పెట్టాను. హెడ్డు లేదు, పిస్టన్లు లేవు. క్రాంకు గోడకు ఆనించి ఉంది. ఒట్టి ఇనుప డొల్ల. దాని మీదే నా చాయ్ గ్లాసు పెట్టుకున్నాను. బాగా నడిచిన రోజుల్లో దానికొక జబ్బుండేది. నాలుగు దెబ్బలు సాఫుగా కొట్టి, ఐదో దెబ్బకు ఎక్కిలి పెట్టేది. టక టక టక టక... హుక్. బాగు చేస్తానంటే ఐలన్న ఒప్పుకునేవాడే కాదు. "గా ఎక్కిలి లేకుంటే నాకు బండి మీద నిద్రొస్తది" అనేవాడు. మొండి మనిషి.

బిగింపు అయ్యేసరికి రోడ్డు మీద అలికిడి తగ్గిపోయింది. ఐలన్న క్యాబిన్‌లో కూర్చుని సెల్ఫ్ కొట్టాడు. గుర్ర్... గుర్ర్... అంటుకుంది! కానీ అదేం అంటుకోవడం? వంకర టింకర చప్పుడు. తెల్లటి పొగ. కళ్లు భగ్గుమన్నాయి. ఏదో సిలిండరు పని చెయ్యడం లేదు.

ఏ సిలిండరో పట్టుకోవడానికి మాకొక పద్ధతుంది. జాగ్రత్తగా వినండి. పంపు నుంచి ఒక్కో సిలిండరుకు ఒక్కో డీజిల్ పైపు పోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఒక పైపు నట్టు వదులు చేస్తే డీజిల్ బయటికి కొడుతుంది, ఆ సిలిండరుకు అందదు. చప్పుడు పడిపోయిందా, అది పనిచేసేదే. చప్పుడు మారలేదా... దొంగ అదే. చూసి, నట్టు బిగించి, తర్వాతదానికి పోవాలి.

మొదటి నట్టు వదిలాను. చిర్రున డీజిల్ చేతి మీద కొట్టింది. చప్పుడు కొంచెం పడింది. రెండోది వదిలాను. ఇంజన్ ఊగిపోయింది. చిరాకులో దేన్నీ తిరిగి బిగించలేదు. మూడోది వదిలాను...

చప్పుడు బాగుపడింది.

అవును, బాగుపడింది. సాఫుగా, నెమ్మదిగా. నాకు ఒళ్లు మండింది. నా చెవులకేమైనా వచ్చిందా అనుకున్నాను. నాలుగోది వదిలాను. మార్పు లేదు. ఐదు. లేదు. ఆరు కూడా వదిలేశాను. ఆరు పైపులూ ఊడి ఉన్నాయి. ఒక్క సిలిండరుకు చుక్క డీజిల్ అందడం లేదు. చప్పుడు మాత్రం...

టక టక టక టక... హుక్.

పైనుంచి ఐలన్న కేక. "దొరికిందే యాకయ్యా! గదే సప్పుడు! స్టీరింగ్ గూడ గట్లనే వణుకుతున్నది!" ఆ గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఆయనను అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

నేను చేతి వైపు చూసుకున్నాను. డీజిల్ కొట్టడం లేదు. బొట్టు... బొట్టుగా... కారుతోంది. ఫోన్ లైటు పైకెత్తి ఇంజన్‌తో పాటే తిరిగే ముందు ఫ్యాన్ వైపు చూశాను.

ఫ్యాన్ తిరగడం లేదు.

మీకు అర్థమవుతోందా? నేను వంగి పనిచేస్తున్న ఇంజన్ ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కూడా తెలియదు. మూడో నట్టు దగ్గరే ఆగి ఉంటుంది. మరి ఆ చప్పుడు? రోడ్డు మీద ఏదైనా బండి నిలబడి ఉందేమోనని పరుగెత్తి చూశాను. రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఖాళీ. కుక్క కూడా లేదు. బయట చప్పుడు తక్కువగా ఉంది. లోపలికి వస్తే... ఎక్కువగా ఉంది.

షెడ్డు వెనక మూలకు నడిచాను. ఒక్కో అడుగుకూ చప్పుడు పెరుగుతోంది.

చాయ్ గ్లాసు అక్కడే ఉంది. అడుగున మిగిలిన చాయ్ మీద సన్నని గుండ్రాలు. ఒకటి పుట్టి అంచు తాకేలోపు ఇంకొకటి. నాలుగు పుడతాయి... ఆగుతాయి. మళ్లీ నాలుగు. లైటు ఇంజన్ డొల్ల లోపలికి కొట్టాను. నేను పడేసిన గుడ్డపేలికలు ఉన్నాయి లోపల. ఇంకేం లేదు. ఇనుము మీద అరచెయ్యి పెట్టాను.

వెచ్చగా ఉంది.

వెచ్చగా... ఇప్పుడే జనగామ నుంచి వచ్చి నిలబడ్డ బండిలా. టక టక టక... మూడు దెబ్బలు కొట్టింది. నాలుగోది రాలేదు. చాయ్ నిలిచిపోయింది.

"ఎందుకు బంద్ చేసినవే? మంచిగ నడుస్తుండె గదా!" ఐలన్న అరిచాడు.

"నేను బంద్ చెయ్యలేదన్నా" అన్నాను. ఫ్యాన్ సంగతి అప్పుడు చెప్పలేకపోయాను.

నట్లన్నీ బిగించి మళ్లీ సెల్ఫ్ కొట్టించాను. తెచ్చిన ఇంజన్ ఇక ఒక్కసారి కూడా అంటుకోలేదు. చివరికి ఆయిల్ విప్పి చూస్తే అందులో నీళ్లు. బ్లాకు పగిలి ఉంది. దాన్ని ఎవరూ బాగు చెయ్యలేరు. ఐలన్నకు అది చెప్పి, చప్పుడు సంగతి, ఫ్యాన్ సంగతి, అన్నీ చెప్పాను. ఆయన భయపడలేదు. పోయి పాత ఇంజన్ పక్కన కింద కూర్చుని, దానికి చెంప ఆనించి అలాగే ఉండిపోయాడు. తెల్లారేదాకా లేవలేదు.

తుక్కువాళ్లు వచ్చారు. విడిగా ఉన్నదని ముందు పాత ఇంజన్ దగ్గరికే వెళ్లి గ్యాస్ కట్టర్ ముట్టించారు. ఐలన్న అడ్డం నిలబడ్డాడు.

"యాకయ్యా, జర నువ్వు చెయ్యి పెట్టి చూడరాదు. ఇంక ఉన్నట్టే అనిపిస్తున్నది. నా చేతులను నేను నమ్మలేకపోతున్న."

చెయ్యి పెట్టాను. వణుకు ఉంది... సన్నగా. కానీ బయట జేసీబీ స్టార్ట్ చేశారు. రోడ్డు మీద లోడు లారీలు మొదలయ్యాయి. నేలంతా వణుకుతోంది. దేనిదని చెప్పను?

"కొయ్యాల్నా, వద్దా? గ్యాస్ అయిపోతున్నది" అన్నాడు కట్టర్ పట్టుకున్నవాడు.

ఐలన్న నా మొహంలోకే చూస్తున్నాడు. ఉందని చెప్పి ఏం చెయ్యను? డొల్ల ఇంజన్‌ను ఏ బండికి బిగించను? బండిని ఏ జాగాలో పెట్టను?

"కొయ్యుండ్రి" అన్నాను.

మధ్యాహ్నానికి లారీ కూడా అయిపోయింది. ఐలన్న బట్టల సంచి పట్టుకుని బస్సెక్కాడు. ఇప్పుడు జనగామలో ఒక పత్తి మిల్లు గేటు దగ్గర వాచ్‌మెన్. గేటు పక్కన బల్ల మీదే పడుకుంటాడు. నిద్ర పట్టదట. ఈ మధ్య ఆ దారిన పోతూ కలిశాను. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"యాకయ్యా, ఒక్కటి చెప్పు. కొయ్యకముందే ఆగిందా... కొయ్యంగ ఆగిందా?"

"తెల్వదన్నా" అన్నాను. నిజంగానే తెలియదు. ఆయన చెయ్యి వదిలేసి గేటు వెయ్యడానికి లేచాడు.