పెడల్ పడవలో వెనక సీటు

మా నాయిన మీద నేను ఐదు నెలలు అలిగాను. అలగడమంటే అన్నం మానేసి తలుపు వేసుకోవడం కాదు. అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి, నా అంతట నేను ఒక్క మాటైనా మాట్లాడకపోవడం. ఆ అలకతోనే మహాబలేశ్వరం కొండలెక్కాను, ఆ కొండల్లో రెండు చెరువులు చూశాను. బాగున్నాయా అని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే మొహం తిప్పుకునేదాన్ని.

తొంభైల మొదట్లో సంగతి. మేము షోలాపూర్‌లో, నీలం నగర్‌లో ఉండేవాళ్లం. నాయిన పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసేవాడు. అమ్మ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. దీపావళికి కార్ఖానాలు నాలుగు రోజులు మూసేస్తే గల్లీ వాళ్లంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు. ఎటు పోవాలన్న దగ్గర పెద్ద రచ్చే అయింది. మగవాళ్లు ఎప్పటిలాగే తుల్జాపూర్ అన్నారు. మొక్కులు తీర్చుకుని తీర్చుకుని అలిసిపోయామని, ఈ ఒక్కసారి ఊరికే నీళ్లు చూసి రావడానికి పోదామని ఆడవాళ్లు పట్టుబట్టారు. వాళ్లే గెలిచారు.

నా అలకకు కారణం ఆ ఏడు జూన్‌లో ఒక సాయంత్రం. పదో తరగతి పాసయ్యాను. నా ప్రాణమంతా కాలేజీలో చేరడం మీదే ఉంది. ఫారం ఇవ్వడానికి మర్నాడే ఆఖరి రోజు. నాయిన పని నుంచి వచ్చి, గడప మీద కూర్చుని, గల్లీలోకి చూస్తూ చాయ్ తాగుతున్నాడు. మొహం చూసి అడిగే ధైర్యం లేక ఆయన వెనక నిలబడి, కాలేజీలో చేరతానని అన్నాను. ఆయన తాగుతూనే ఉన్నాడు. ఇంకోసారి అన్నాను. కప్పు కింద పెట్టి, లేచి, తువ్వాల భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

వద్దని తిట్టినా నాకు అంత మండేది కాదు. నేను మాట్లాడింది మాటే కానట్టు లేచిపోయాడే, అది మండింది. నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. మర్నాడు కాలేజీ ఫారం సంగతి అమ్మ అడిగితే, చదువు మీద నాకే మనసు లేదని చెప్పి, ఇంకో చేట తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నమ్మింది. నమ్మినందుకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

ఇక్కడ మా కార్ఖానాల పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గాలు నడుస్తుంటే పక్కవాడి కేక కూడా చెవిన పడదు. అందుకే ఎవరికి ఏం చెప్పాలన్నా ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు పెద్దగా కదిలించి, చేతులతో చూపించి చెబుతారు. వెనక నుంచి పిలవరు, భుజం తడతారు. నాయినకు డబ్బా ఇవ్వడానికి పోయినప్పుడు నేనూ అట్లాగే మాట్లాడేదాన్ని. ఆ అలవాటు ఇళ్లలోకీ వచ్చింది. మా గల్లీలో అందరూ ఎదుటివాళ్ల నోరు చూస్తూ గట్టిగా మాట్లాడతారు. కొత్తవాళ్లకు అందరూ కొట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. మాకు మాత్రం ఇందులో వింతేమీ లేదు.

కొండ మీద చలి కోసం అందరం మా మగ్గాల చద్దర్లే కప్పుకుని పోయాం. నేతలో తప్పు పడి అమ్మకానికి పనికిరానివి. మొదటి రోజు పొద్దున్నే వెణ్ణా చెరువు గట్టు మీద అట్లా వరసగా నిలబడితే, మమ్మల్ని చద్దర్లు అమ్మేవాళ్లనుకుని ఒకాయన ధర అడిగాడు. నీళ్ల మీద మంచు ఇంకా పూర్తిగా విడలేదు. అవతలి గట్టున గుర్రం నడుస్తుంటే దాని డెక్కల చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. మావాళ్ల గొంతులు వాటంతటవే తగ్గిపోయాయి. మా పక్కింటి చిన్నమ్మ మా అందరి ముందుకూ వచ్చి, ఇంత నిమ్మళం పుట్టి బుద్ధెరిగి చూడలేదన్నది.

నాయిన ఆమె నోటి వైపు చూసి, తల ఊపి, "అవ్, మనింట్ల లెక్కనే ఉన్నది" అన్నాడు.

అందరూ నవ్వారు. మా ఇంటి వెనక గోడకు ఆనుకుని పన్నెండు మగ్గాల కార్ఖానా ఉంది. అవి నడుస్తుంటే మా అల్మారాలో గిన్నెలు వణుకుతాయి. నేను మాత్రం నవ్వలేదు. అలిగినవాళ్లకు ఎవరి పరాచికమూ రుచించదు.

నలుగురు కూర్చునే పెడల్ పడవ ఒకటి తీసుకున్నాం. అమ్మా నాయినా ముందు సీట్లలో కూర్చున్నారు. నేను కావాలనే వెనక కూర్చున్నాను, ఆయన మొహం చూడక్కర్లేదని. నాయిన చిన్నప్పుడు మా తాత చేతిమగ్గం మీద కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కిన మనిషి. పెడళ్లు కూడా అదే లెక్కన, ఒకటి ఆపి ఒకటి తొక్కాడు. పడవ ఆగి ఆగి పోయింది. అమ్మ పడీ పడీ నవ్వింది. ఆమె అట్లా నవ్వడం నేను చాలా రోజుల తర్వాత చూశాను.

చెరువు మధ్యకు వచ్చాక కుడి పక్క వెనక నుంచి ఇంకో పడవ వేగంగా వచ్చింది. అందులో కాలేజీ పిల్లలు. పక్కకు తప్పుకోమని మరాఠీలో ఒకటే అరుపులు. నాయిన నీళ్లు చూస్తూ తొక్కుతూనే ఉన్నాడు. రెండు పడవలూ తగిలి మాది ఊగింది. చెవులు వినబడవా అని వాళ్లలో ఒకడు అరిచి దాటిపోయాడు. వాడిని కడిగేద్దామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అట్లాగే ఆగిపోయింది.

"నాయినా" అన్నాను మెల్లగా. ఆయన తిరగలేదు. కొంచెం పెంచి ఇంకోసారి పిలిచాను. ఆయన మెడ, తలపాగా, చెవి నాకు జానెడు దూరంలో ఉన్నాయి. మూడోసారికి అమ్మ తిరిగి చూసింది. నాయినకు వినబడదా అని అడిగాను.

"గిప్పుడడుగుతున్నవా?" అన్నది అమ్మ. "ఏండ్లాయె. మగ్గాల మీద చేసెటోళ్లకు అందరికి గంతే గదా. ముంగటికొచ్చి మాట్లాడాలె."

ఆ మాట ఆమె ఆయన పక్కనే కూర్చుని, మామూలు గొంతుతో అన్నది. ఆయన బాతులను చూస్తున్నాడు.

మా ఇంట్లో అది దాచిన సంగతేమీ కాదు. ఎవరూ దాన్ని రోగమని కూడా అనుకోలేదు. పదహారేళ్లు అక్కడే పెరిగి, ఆయనతో మాట్లాడిన ప్రతిసారీ ఎదురుగా నిలబడి, ఎందుకు నిలబడుతున్నానో ఒక్కసారీ ఆలోచించలేదు. ఒకే ఒక్కసారి వెనక నిలబడి అడిగాను. ఆ ఒక్కసారికే ఐదు నెలలు శిక్ష వేశాను. పైగా మాట్లాడకపోవడమే శిక్ష. అసలు అది ఆయనకు తెలిసి ఉంటుందా? నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మంచు పడుతోందన్నట్టు చద్దరు మొహం మీదికి లాక్కుని ఏడ్చాను.

రెండో రోజు, కోయనా ఆనకట్ట వెనక లోయలో నిలిచిన నీళ్ల దగ్గరికి తీసుకుపోయారు. మూడు పక్కలా కొండలు, మధ్యలో నీళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాయిన ఒక రాతి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టుకున్నాడు. ఆయన మొహం నీళ్ల వైపు ఉంది. భుజం తడితే తిరిగేవాడే. కానీ నాకు మళ్లీ ఆయన వెనక నిలబడబుద్ధి కాలేదు. బట్టలు పైకి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఆయనకు ఎదురుగా పోయి నిలబడ్డాను. నీళ్లు చల్లగా కొరుకుతున్నాయి. గొంతు బయటికి తీయకుండా, కార్ఖానాలో మాట్లాడినట్టు పెదాలతోనే అడిగాను, కాలేజీలో చేరనా అని.

ఆయన నా నోటినే చూశాడు. తర్వాత గట్టిగా, కార్ఖానా గొంతుతో, "చేరు బిడ్డా. ఎవలొద్దన్నరు?" అన్నాడు. గట్టు మీదున్న వాళ్లంతా మా వైపు తిరిగారు. ఇంతకుముందైతే ఆ గొంతుకు సిగ్గుపడేదాన్ని.

ఆ ఏడు ఎట్లాగూ గడువు దాటిపోయింది. మరుసటి జూన్‌లో చేరాను, ఒక ఏడు వెనకబడి. అంతకుముందు జూన్‌లోనే ఒకసారి అడిగానని ఆయనకు చెప్పాలని ఆ నీళ్లలో నిలబడి ఎంతో అనుకున్నాను, చెప్పలేదు. నా మొహంలో ఏం చూశాడో, చెయ్యి చాపి నన్ను గట్టు మీదికి లాగి, కండువాతో నా పాదాలు తుడిచాడు. ఈసారి ఆయన గొంతు తగ్గింది.

"ఎండకాలం పోయినకాడికెల్లి నువ్వు నా ముంగటికి వస్తలేవు. ఏం తప్పు చేసిన్నో అని రోజు యాది చేసుకుంటున్న. ఎంత చేసినా యాదికొస్తలేదు బిడ్డా."