అరవై రెండు మంది, పంతొమ్మిది చేతులు

మా ఊరు కన్నడ రాష్ట్రంలో, గౌనిపల్లికి దగ్గర. పోయిన ఏడు పాల సంఘం సభలో, పాలు పోసే కేంద్రాన్ని అధ్యక్షుడి ఇంటి పక్కకు మార్చాలని తీర్మానం పెట్టినారు. అదే జరిగితే నా భార్య రెండు పూటలా పాల క్యాను ఒకటిన్నర కిలోమీటరు మోయాలి. చేతులెత్తమన్నారు. మినిట్స్ రాసే ఆయన తలెత్తకుండానే 'సర్వానుమతం' అని కన్నడంలో రాసేసినాడు.

నేను ఐదో క్లాసులో బడి మానినా, లెక్కలూ పెద్ద మాటలూ సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. లేచి నిలబడినాను.

"సర్వానుమతం అంటే అందరూ ఒప్పుకోవాలప్పా. ఉండేది అరవై రెండు మంది. లేచింది పంతొమ్మిది చేతులు."

తీర్మానం ఆగిపోయింది. అధ్యక్షుడు నవ్వినాడు.

"మాటకు అర్థం ఇంత బాగా తెలిసినాయన ఉండంగా వేరేవాళ్ళు రాసేదేమి? ఇంగ మినిట్స్ ఈయప్పే రాయాల. ఏమంటారు?"

అరవై ఒక్క చేతులు లేచినాయి. నా చెయ్యి పక్కాయన పట్టి ఎత్తినాడు. "ఇప్పుడు సరిపోయిందా లెక్క?" అన్నాడు. సభంతా నవ్వింది.

తరువాతి సభలో మళ్ళీ అదే తీర్మానం వచ్చింది. నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. తలెత్తేలోపల చేతులు దిగిపోయినాయి.

"రాయప్పా, సర్వానుమతం" అన్నాడు అధ్యక్షుడు. రాసినాను.

ఆ సాయంత్రం మా ఇంట్లోనూ ఒక తీర్మానం జరిగింది, ఇకమీద క్యాను నేనే మోయాలని. ఉండేది ఇద్దరం. చేతులు నేనే లెక్కపెట్టినాను, రెండూ లేచినాయి. సర్వానుమతం అనే మాటను నేను సరిగ్గా వాడగలిగింది అక్కడొక్కచోటే.